గుండె స్టెంట్: ఎలా చేస్తారు, ఎందుకు ఫెయిలవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, స్టెంట్లు తయారుచేసే చోట టెస్టింగ్‌లో కొన్నేళ్లు పనిచేశాను, అంతే. కానీ చుట్టాల్లో ఎవరికి స్టెంట్ పడినా ఫోన్ మాత్రం నాకే వస్తుంది. ప్రతిసారీ దాదాపు అవే ప్రశ్నలు. అందుకే ఒకసారి కూర్చుని అన్నీ రాసేశాను. ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఎప్పుడు ఆపాలి అన్నది మాత్రం మీ కార్డియాలజిస్టునే అడగండి.

స్టెంట్ అంటే స్ప్రింగేనా?

ఊళ్లో అందరూ "గుండెలో స్ప్రింగ్ వేశారు" అనే అంటారు. నిజానికి గుండెకి వేసే స్టెంట్ గుణం స్ప్రింగ్‌కి పూర్తిగా ఉల్టా. స్ప్రింగ్‌ని లాగి వదిలితే పాత ఆకారానికి వచ్చేస్తుంది. స్టెంట్ అలా రాకూడదు. అదొక జాలీ గొట్టం. మూసి ఉన్న బెలూన్ మీద దాన్ని గట్టిగా నొక్కి పెట్టి, సన్నటి వైరు మీదుగా బ్లాక్ ఉన్న చోటికి పంపిస్తారు. అక్కడ బెలూన్ ఉబ్బితే జాలీ విచ్చుకుంటుంది, బెలూన్ బయటికి తీసేసినా విచ్చుకున్నది విచ్చుకున్నట్టే ఉండిపోవాలి. సత్తు గిన్నె కిందపడితే సొట్టపోయి అలాగే ఉండిపోతుంది కదా, లోహానికి ఉన్న ఆ గుణమే ఇక్కడ మనకి పనికొస్తుంది. పూర్తిగా అలాగే ఉండదు, బెలూన్ తీయగానే కొన్ని శాతం వెనక్కి తగ్గుతుంది. ఆ తగ్గేదాన్ని ఎంత తక్కువ చేయగలం అన్నది డిజైన్ చేసేవాళ్ల మొదటి తలనొప్పి.

తమాషా ఏంటంటే, మనిషి గుండెలో వేసిన తొలి స్టెంట్లు మాత్రం నిజంగానే స్ప్రింగ్ లాంటివి. ఆ కథ కింద చెప్తాను.

సైజు ఎంత ఉంటుంది?

గుండెకి వాడేవి విచ్చుకున్నాక ఎక్కువగా 2.25 నుంచి 4 మిల్లీమీటర్ల వ్యాసం, పొడవు 8 నుంచి 48 మిల్లీమీటర్ల దాకా. బెలూన్ మీద నొక్కి ఉన్నప్పుడు అగ్గిపుల్ల కన్నా సన్నం. విచ్చుకున్నాక బాల్‌పెన్ రీఫిల్ అంత.

మొదటిసారి నేను చూసింది గాజు గిన్నెలో, 37 డిగ్రీల నీళ్లలో, మైక్రోస్కోప్ కింద. బెలూన్‌లో గాలి కాదు, ద్రవం నింపుతారు. ప్రెషర్ మీటరున్న సిరంజి పిడి మెల్లిగా తిప్పుతుంటే కాసేపు ఏమీ జరగదు. తర్వాత ముందు రెండు చివర్లూ ఉబ్బుతాయి, మధ్యభాగం ఇంకా సన్నగానే ఉంటుంది, చూడ్డానికి డమరుకంలా. ప్రెషర్ ఇంకో అట్మాస్ఫియర్ పెంచగానే మధ్యలో వంకీలన్నీ ఒక్కసారిగా విచ్చుకుని నున్నటి గొట్టం అయిపోతుంది. మొత్తం అరనిమిషం పని. ఆ అరనిమిషంలో లోహం శాశ్వతంగా వంగిపోయింది, ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. మనిషి లోపలైనా అంతే, ఒకసారి తెరిచాక "ఇక్కడ కాదు, కాస్త పక్కకి" అనడానికి ఉండదు.

బెలూన్‌తో తెరిచి వదిలేస్తే సరిపోదా? ఈ లోహం అంతా ఎందుకు?

మొదట్లో అదే చేశారు. 1977 సెప్టెంబర్‌లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టర్ గుండె రక్తనాళంలో తొలిసారి బెలూన్ ఉబ్బించాడు. పని బాగానే జరిగింది, కానీ తర్వాత రెండు సమస్యలు బయటపడ్డాయి. కొందరికి బెలూన్ తీయగానే నాళం గోడ చిరిగి లోపలికి ముడుచుకుపోయేది, అంటే అప్పటికప్పుడే మూసుకుపోవడం. ఇంకొందరికి కొన్ని నెలల్లో మళ్లీ సన్నబడేది. ఇలా తిరగబెట్టడం నూటికి ముప్పై, నలభై మందిలో కనిపించేది.

గోడ ముడుచుకోకుండా లోపలి నుంచి ఏదో ఒక ఆసరా ఉండాలి అనుకున్నారు. 1986లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిక్ సిగ్‌వార్ట్ మనిషి గుండె నాళాల్లో స్టెంట్లు వేశారు. అవి స్టీలు తీగలతో అల్లిన గొట్టాలు, తొడుగు లాగేస్తే వాటంతటవే విచ్చుకునేవి. అంటే మనవాళ్లు అనే స్ప్రింగ్ ఇదే. ఆరంభం అద్భుతం, ఆ తర్వాతి లెక్క మాత్రం చేదు: 1991లో ప్రచురించిన 105 మంది ఫలితాల్లో దాదాపు నాలుగో వంతు స్టెంట్లు పూర్తిగా మూసుకుపోయి కనిపించాయి.

బెలూన్‌తో తెరిచే జాలీ గొట్టం జూలియో పాల్మాజ్‌ది. ఇంటి గోడలకి ప్లాస్టరింగ్ చేసేటప్పుడు సిమెంటు పట్టుకోవడానికి వాడే, గాట్లు పెట్టి సాగదీసిన లోహపు జాలీ ముక్క ఒకటి ఆయన గ్యారేజీలో పడి ఉంటే, దాన్ని చూసి ఆలోచన తట్టిందట. గొట్టానికి గాట్లు పెట్టు, లోపలి నుంచి తెరువు, గాట్లు డైమండ్ ఆకారంలో విచ్చుకుంటాయి. అంతే ఐడియా. 1994లో యూరప్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి, రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. యూరప్ దాంట్లో ఒట్టి బెలూన్‌తో 32 శాతం మందికి నాళం మళ్లీ సన్నబడితే, స్టెంట్‌తో 22 శాతం. తేడా ఉంది, కానీ 22 కూడా చిన్న సంఖ్య కాదని గుర్తుపెట్టుకోండి.

అన్నట్టు, స్టెంట్ అన్న పేరు ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలో ఉన్న చార్లెస్ స్టెంట్ అనే పళ్ల డాక్టర్ది. ఆయన చేసింది పళ్ల అచ్చు తీసే ముద్ద. గుండెకీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు.

ఆ జాలీ డిజైన్ వెనక ఏదైనా లెక్క ఉందా, లేక ఎలాగోలా కోసేస్తారా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇదే, ఎవరూ అడగరు గానీ.

ఇప్పటి స్టెంట్‌ని దగ్గరగా చూస్తే వంకీలు తిరిగిన ఉంగరాలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో ఉంగరాన్నీ పక్కదానితో చిన్న చిన్న లింకులు కలుపుతాయి. ఉంగరాల పని నాళం గోడని బయటికి నెట్టి పట్టుకోవడం. లింకుల పని ఉంగరాలు చెల్లాచెదురు కాకుండా చూడటం. ఇప్పుడు లింకులు ఎక్కువ పెట్టారనుకోండి, గొట్టం బిర్రుగా ఉంటుంది, మెలికలు తిరిగిన నాళంలో వంపు దగ్గర ఆగిపోతుంది, డాక్టర్ ఎంత నెట్టినా ముందుకు పోదు. తక్కువ పెట్టారనుకోండి, పాములా ఎటు కావాలంటే అటు వంగుతుంది, కానీ పొడవు దిశలో బలం పోతుంది. 2011 ప్రాంతంలో ఇదే బయటపడింది. రెండేసి లింకులతో చేసిన ఒక పేరున్న స్టెంట్, ప్రోమస్ ఎలిమెంట్, తెరిచాక దాని లోపల నుంచి ఇంకో బెలూనో కెమెరా వైరో వెళ్తూ అంచుకి తగిలితే, హార్మోనియం తిత్తిలా దగ్గరికి నొక్కుకుపోతున్న కేసులు వచ్చాయి. తర్వాతి మోడల్‌లో దెబ్బ తగిలే ఆ మొదటి చివర మాత్రమే లింకులు పెంచారు, మిగతాదంతా అలాగే ఉంచారు. నాకైతే అది చాలా తెలివైన సర్దుబాటు అనిపిస్తుంది.

కిటికీల సైజు ఇంకో గొడవ. జాలీలో ఖాళీలు పెద్దవైతే పక్కకి చీలే కొమ్మ నాళంలోకి ఇంకో వైరు పంపడం సులువు, కానీ అదే ఖాళీల్లోంచి కొవ్వు ముద్ద లోపలికి తొంగిచూస్తుంది. మెడలో మెదడుకి వెళ్లే నాళానికి వేసే స్టెంట్లలో ఈ భయం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఒక నలుసు ఊడితే నేరుగా మెదడుకే పోతుంది, పక్షవాతమే.

ఇక తయారీ. సన్నటి గొట్టాన్ని లేజర్‌తో కోస్తారు. కోసిన చోట అంచులు మాడి గరుకుగా ఉంటాయి కాబట్టి యాసిడ్‌లో కడిగి, కరెంటుతో పాలిష్ పెడతారు. వంకీ తిరిగే మలుపు ఉంది చూశారూ, దాని లోపలి అంచు దగ్గరే లోహం మీద ఒత్తిడంతా పడేది. అక్కడ కంటికి కనపడని ఒక్క గాటు మిగిలినా పగులు మొదలయ్యేది అక్కడి నుంచే. మేం మైక్రోస్కోప్ కింద గంటలు గంటలు చూసింది ఆ మలుపులనే.

ఎంత సన్నగా ఉంటే అంత మంచిదా?

చాలావరకు అవును, ఒక హద్దు దాకా. 2001లో జర్మనీవాళ్లు ఒకే రకం స్టెంట్‌ని రెండు మందాల్లో పోల్చి చూశారు. 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) తీగ ఉన్నదాంట్లో నాళం మళ్లీ సన్నబడింది 15 శాతం మందికి, 140 మైక్రాన్లదాంట్లో దాదాపు 26 శాతం మందికి. మందం తప్ప మిగతాదంతా ఇంచుమించు ఒకటే.

కారణం కాలవలో రాయి వేసి చూస్తే తెలుస్తుంది. రాయి వెనక నీళ్లు సుడి తిరిగి మందగిస్తాయి, చెత్త అక్కడే చేరుతుంది. మందపు తీగ వెనక రక్తం చేసేదీ అదే, గడ్డ కట్టడానికి అనువైన చోటు తయారవుతుంది. పైగా నాళం లోపలి పల్చటి పొర మందపు తీగని ఎక్కి కప్పేయడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అప్పటిదాకా ఒట్టి లోహం రక్తానికి తగులుతూనే ఉంటుంది.

అయితే తీగ సన్నబడితే బలం తగ్గాలి కదా? అందుకే లోహాన్నే మార్చారు. పాత స్టీలు బదులు కోబాల్ట్ క్రోమియం, ప్లాటినం క్రోమియం వచ్చాయి. బలం ఎక్కువ, ఎక్స్‌రేలోనూ బాగా కనిపిస్తాయి. మొదటి తరం మందు స్టెంట్లలో (అంటే మందు పూసినవి, వాటి సంగతి కింద చెప్తాను) తీగ 130, 140 మైక్రాన్లు ఉండేది, తర్వాతి తరంలో 80 ప్రాంతానికి వచ్చింది, అంటే ఇంచుమించు తలవెంట్రుకంత. సూరత్ కంపెనీ ఒకటి 60 మైక్రాన్లతో చేసిన స్టెంట్‌ని యూరప్‌లో పరీక్షిస్తే 2019లో మంచి ఫలితాలే వచ్చాయి. మనవాళ్లు చేసిందంటే చప్పరించేసేవాళ్ల కోసం చెప్తున్నా.

మందు స్టెంట్ అంటే ఏం మందు? ఎన్నాళ్లు ఉంటుంది?

నాళం గోడకి గాయమైతే ఒంటి మీద పుండు మానినట్టే కండ కణాలు పెరిగి పూడుస్తాయి. ఆ పెరగడమే మన సమస్య. దాన్ని నెమ్మదింపజేసే మందుని స్టెంట్ మీద పల్చగా పూస్తారు. ఎక్కువగా వాడేది సిరోలిమస్, లేదా దాని అన్నదమ్ములు. పసిఫిక్ సముద్రం మధ్యలో ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది ఇది. ఆ మట్టిలోంచి మందుని వెలికితీసిన బృందానికి నాయకుడు సురేంద్రనాథ్ సెహగల్, కెనడాలో స్థిరపడ్డ మనవాడే. మొదట్లో ఫంగస్ మందు అనుకున్నారు, తర్వాత కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి ఇచ్చారు, చివరికి 2003లో అమెరికాలో అనుమతి వచ్చిన సైఫర్ స్టెంట్ మీదికెక్కింది.

మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మూడు నాలుగు నెలల్లో చాలావరకు అయిపోతుంది, తర్వాత మిగిలేది లోహమూ, మందుని పట్టి ఉంచిన ప్లాస్టిక్ పూతా. కొన్నిటిలో ఆ పూత కూడా కరిగిపోతుంది.

మందుతో నాళం మళ్లీ సన్నబడటం పది శాతం లోపుకి వచ్చింది. కానీ దానికీ ఒక మూల్యం ఉంది. చెడు పెరుగుదలని ఆపే మందు, మంచి పొర లోహాన్ని కప్పడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. 2006లో యూరప్ గుండె డాక్టర్ల సదస్సులో ఈ విషయం మీద పెద్ద దుమారమే రేగింది, ఏడాది దాటాక కూడా మొదటి తరం మందు స్టెంట్లలో రక్తం గడ్డలు కడుతున్నాయని. సన్నటి తీగలు, మెరుగైన పూతలు వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది.

అసలు స్టెంట్ ఫెయిలవడం అంటే ఏంటి?

రెండు వేరు వేరు సంగతులు, జనం రెండూ కలిపేస్తారు.

ఒకటి మెల్లిగా పూడుకోవడం. కొన్ని నెలల్లో కణాలు పెరిగి, లేదంటే కొన్నేళ్లకి స్టెంట్ లోపలే కొత్తగా కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. నడుస్తుంటే ఆయాసం, ఛాతీలో బరువు, పాత లక్షణాలే తిరిగి వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లలో, సన్న నాళాల్లో, పొడవాటి స్టెంట్లలో ఇది ఎక్కువ. ఇబ్బందే కానీ చాలామందికి డాక్టర్ దగ్గరికి వెళ్లే టైమ్ దొరుకుతుంది.

రెండోది ఒక్కసారిగా రక్తం గడ్డ కట్టి మూసుకుపోవడం. ఇది తక్కువ మందికే జరుగుతుంది, జరిగితే మాత్రం పెద్ద హార్ట్ ఎటాక్, ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కువగా మొదటి 30 రోజుల్లో.

మా మేనమామ సంగతి చెప్తాను. హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేసిన నాలుగో నెలలో పన్ను నొప్పి. అప్పటికి రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే రెండు మాత్రలు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి) వేసుకుంటున్నాడు. వెళ్లిన చోట "పన్ను పీకాలి, రక్తం ఆగదు, ఆ రెండు మాత్రలూ వారం ఆపేయండి" అన్నారు. ఆయన పద్ధతి గల మనిషి, చెప్పింది చెప్పినట్టు ఆపేశాడు. గుండె డాక్టర్ని ఒక మాట అడుగుదామని ఎవరికీ తట్టలేదు, నాతో సహా. అయిదో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి మంచం మీద కూలబడ్డాడు. గంటలోపు తీసుకెళ్లాం కాబట్టి గడ్డ లాగేసి బతికించారు. స్టెంట్ కంపెనీ మీద కేసు వేద్దామని మా అత్తయ్య చాలా రోజులు అంది. స్టెంట్‌కేం, అది బానే ఉంది. ఆ మాత్రలు ఉన్నది లోహం మీద పొర పూర్తిగా ఏర్పడేదాకా ప్లేట్‌లెట్లు దానికి అంటుకోకుండా చూడటానికి. పన్ను చాలావరకు మాత్రలు వేసుకుంటూనే పీకొచ్చు, రక్తం ఆపడానికి అక్కడికక్కడే చేసే పద్ధతులున్నాయి.

ఆ రెండు మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలి?

మామూలుగా హార్ట్ ఎటాక్ తర్వాత అయితే ఏడాది, ముందే ప్లాన్ చేసుకుని వేయించుకున్న స్టెంట్‌కి ఆరు నెలలు అంటారు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకి ఇంకా ముందే ఒకటి ఆపుతారు. ఇది మనిషిని బట్టి మారుతుంది, పక్కింటాయనది చూసి మీది ఆపకండి. ఇంకోటి, క్లోపిడోగ్రెల్ లివర్‌లో మారితేనే పనిచేస్తుంది, జన్యువుల తేడా వల్ల కొందరి ఒంట్లో అది సరిగా మారదు, భారతీయుల్లో అలాంటివాళ్లు తక్కువేమీ కాదు. అందుకే కొందరికి వేరే మాత్ర రాస్తారు.

మాత్రలు సరిగ్గా వేసుకున్నా ఫెయిలైతే? లోహం నాసిరకమా?

చాలాసార్లు కాదు. నన్నడిగితే మొట్టమొదట అనుమానించాల్సింది స్టెంట్ పూర్తిగా విచ్చుకుందా లేదా అని.

లెక్క చూడండి. 3 మిల్లీమీటర్లకి తెరుచుకోవాల్సింది 2.5 దగ్గర ఆగిపోయింది అనుకుందాం. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ దారి వైశాల్యంలో 30 శాతం పోయింది. ఇప్పుడు చుట్టూ పావు మిల్లీమీటరు మందాన పొర పెరిగిందనుకోండి, అది కాస్తో కూస్తో అందరికీ పెరిగేదే. పూర్తిగా తెరుచుకున్నవాడికి 2.5 మిగులుతుంది, హాయిగా ఉంటాడు. ఈయనకి మిగిలేది 2, అంటే ఉండాల్సిన వైశాల్యంలో సగం కూడా లేదు. ఇద్దరికీ పెరిగింది ఒకటే, పడింది ఒకే స్టెంట్.

ఎందుకు విచ్చుకోదు అంటే ఎక్కువగా కాల్షియం. పాతబడ్డ బ్లాకు గట్టిపడి సున్నపు పెచ్చులా అయిపోతుంది. ఎక్స్‌రే తెర మీద బెలూన్ ఉబ్బుతుంటే రెండు వైపులా నిండుగా, మధ్యలో మాత్రం నడుముకి తాడు బిగించినట్టు కనిపిస్తుంది. ఆ నడుము పోకుండానే స్టెంట్ వేస్తే అది కూడా అక్కడ అలాగే నొక్కుకుపోయి ఉంటుంది. ముందే కాల్షియాన్ని డ్రిల్లు లాంటి దాంతో అరగదీయడమో, షాక్‌వేవ్‌లతో పగలగొట్టడమో చేసి ఆ తర్వాత వేయాలి.

మామూలు యాంజియోగ్రామ్ నాళం నీడ మాత్రమే చూపిస్తుంది. లోపలికి కెమెరా లాంటి వైరు పంపి అల్ట్రాసౌండ్‌తోనో కాంతితోనో చూస్తే తీగ గోడకి ఆనిందా, గాలిలో వేలాడుతోందా, చివర్లో గోడ చిరిగిందా అన్నది తెలుస్తుంది. మిలాన్‌లో ఆంటోనియో కొలంబో 1995లోనే ఇలా అల్ట్రాసౌండ్‌తో చూసి, ఎక్కువ ప్రెషర్‌తో స్టెంట్‌ని గోడకి బాగా ఆనేలా తెరిస్తే, అప్పట్లో రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ లాంటి తీవ్రమైన మందులు లేకుండానే గడ్డలు తగ్గుతాయని చూపించాడు. మన దగ్గర ఖర్చు వల్ల అందరికీ చేయరు. పొడవాటి బ్లాకు, కాల్షియం, ఎడమవైపు మెయిన్ నాళం, రెండుగా చీలే చోటు లాంటి కేసుల్లో మాత్రం "లోపల చూస్తారా సార్?" అని అడగడంలో తప్పు లేదు.

స్టెంట్ విరుగుతుందా?

విరుగుతుంది, అరుదుగా. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఏడాదికి 3 కోట్ల 78 లక్షల సార్లు. అందుకే పదేళ్ల దెబ్బలు తట్టుకుంటుందో లేదో చూడటానికి దాదాపు 40 కోట్ల సార్లు ఊపి చూస్తాం. సెకనుకి 60 సార్లు చొప్పున మెషీన్ రాత్రీ పగలూ ఆడినా రెండున్నర నెలలు. ఆ గుయ్‌మనే చప్పుడు ఇంటికెళ్లాక కూడా చెవిలో వినిపించేది.

కానీ మెషీన్‌లో ఉన్నది రబ్బరు గొట్టం. నిజం గుండెలో కుడివైపు నాళం ప్రతి దెబ్బకీ ఒకచోట కీలులా మడిచి తెరుచుకుంటుంది. అక్కడ పొడవాటి స్టెంట్ పడినా, రెండు స్టెంట్లు ఒకదాని మీద ఒకటి పడి ఆ భాగం బిర్రుగా అయినా, దాని పక్కన తీగ అలసిపోయి తెగే అవకాశం ఎక్కువ. ఇనప తీగని అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అదే. విరిగిన చోట మందు కూడా గోడకి సరిగా అందదు, పూడిక మొదలవుతుంది.

కాలికి వేసే స్టెంట్ కూడా ఇదేనా?

కాదు, ఇక్కడ నిజంగానే స్ప్రింగ్ కావాలి. తొడలో నాళం చర్మానికి దగ్గరగా ఉంటుంది, మోకాలు మడిస్తే వంగుతుంది, మెలితిరుగుతుంది, పొడవు తగ్గుతుంది. గుండె స్టెంట్ అక్కడ వేస్తే ఒకసారి నొక్కుకుపోయిందంటే సత్తు గిన్నె సొట్టే, ఇక లేవదు. అందుకని నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ వాడతారు. చల్లగా ఉన్నప్పుడు నొక్కి తొడుగులో పెడితే, ఒంటి వేడికి దాని అసలు ఆకారం దానికి గుర్తొచ్చినట్టు విచ్చుకుంటుంది. నొక్కినా మళ్లీ లేస్తుంది. మెడ నాళాలకీ ఇదే.

అయినా విరిగేవి. 2005లో జర్మనీలో 121 కాళ్లు ఎక్స్‌రే తీసి చూస్తే 45 కాళ్లలో, అంటే 37 శాతంలో, స్టెంట్ ఎక్కడో ఒకచోట తెగి ఉంది. తర్వాతి డిజైన్లు మెరుగయ్యాయి. అయినా నా ఉద్దేశంలో, కుర్చీల దేశంలో పరీక్షించినదాన్ని బాసింపట్టు వేసుకుని భోంచేసే, పొలంలో గంటల తరబడి గొంతుక్కూర్చునే మనుషులకి వేస్తున్నామన్నది డిజైన్ చేసేవాళ్లు ఇంకాస్త పట్టించుకోవాలి.

కరిగిపోయే స్టెంట్ వచ్చిందన్నారు, ఏమైంది?

వినడానికి ఎంత బాగుంటుందో! నాళం మానేదాకా ఆసరా ఇచ్చి, మూడేళ్లలో కరిగి మాయమైపోయేది. అబాట్ వాళ్ల అబ్సార్బ్‌కి అమెరికాలో 2016 జులైలో అనుమతి వచ్చింది, 2017 సెప్టెంబర్‌కల్లా అమ్మకం ఆపేశారు. అదే కంపెనీ లోహపు స్టెంట్‌తో పోలిస్తే గడ్డలు ఎక్కువ కట్టాయి. అది పాలిమర్, లోహమంత బలం లేదు కాబట్టి తీగ 150 మైక్రాన్ల మందం పెట్టాల్సి వచ్చింది, అంటే పైన చెప్పిన కాలవలో రాయి మళ్లీ తిరిగొచ్చింది. ఎక్కువ సాగదీస్తే చిట్లేది. అన్నిటికన్నా ఘోరం, కరిగే దశలో ముక్కలు గోడ వదిలి దారిలోకి వచ్చేవి. ఐడియా చావలేదు, మెగ్నీషియంతో, ఇంకా సన్నటి పాలిమర్లతో ప్రయత్నాలు నడుస్తూనే ఉన్నాయి.

దగ్గినా, తుమ్మినా, బరువులెత్తినా జారిపోతుందా?

జారదు. గోడకి నొక్కుకుని ఉంటుంది, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో పొర కప్పేస్తుంది. ఎమ్మారై చేయించుకోవచ్చు, ముందు చెప్పండి చాలు. ఎయిర్‌పోర్టులో కూత పెట్టదు.

ఖరీదైన స్టెంటే మంచిదా?

ఒకప్పుడు ఈ ప్రశ్నకి అర్థం ఉండేది, ఎందుకంటే ధర ఎంత చెబితే అంత. 2017 ఫిబ్రవరిలో కేంద్రం హద్దు పెట్టింది: మందు లేనిదానికి 7,260 రూపాయలు, మందు ఉన్నదానికి 29,600, పన్ను అదనం. అప్పటినుంచి ఆ హద్దు సవరిస్తూ వస్తున్నారు. కాబట్టి "లక్షన్నర స్టెంట్" అని ఎవరైనా చెబితే బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపించమనండి, మిగతాది ప్రొసీజర్ ఖర్చు.

తక్కువ ధర స్టెంట్ ఆలోచనకి హైదరాబాద్‌లో పాత చరిత్రే ఉంది. 1990ల్లో క్షిపణుల శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, గుండె డాక్టర్ సోమరాజు కలిసి కలాం-రాజు స్టెంట్ చేశారు. విదేశీ స్టెంట్లు మధ్యతరగతికి అందని రోజులవి. ఇప్పుడున్న మందు స్టెంట్లతో దాన్ని పోల్చలేం, కానీ మన దగ్గర చేయొచ్చని చూపించింది అదే.

పరీక్షలు జరిగి నెగ్గిన సన్నతీగ మందు స్టెంట్లలో ఏది వేసినా తేడా చిన్నదే. నేనైతే బ్రాండ్ గురించి కాకుండా, సైజు ఎలా కొలిచారు, చివరికి పూర్తిగా తెరుచుకుందా అని అడుగుతాను.

స్టెంట్ వేశాక ఇక హార్ట్ ఎటాక్ రానట్టేనా?

అయ్యో, కాదు. స్టెంట్ ఆ ఒక్క రెండు సెంటీమీటర్లని చూసుకుంటుంది. మిగతా నాళమంతా మీదే. హార్ట్ ఎటాక్ మధ్యలో వేసిన స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. నిలకడగా ఉన్న జబ్బులో మాత్రం, మంచి మందులతో పోలిస్తే స్టెంట్లు, బైపాస్‌లు ముందే చేసేయడం వల్ల మరణాలు తగ్గలేదని 2020లో ప్రచురించిన ఇస్కీమియా అనే పెద్ద పరీక్ష చెప్పింది. ఛాతీ నొప్పి తగ్గడానికి మాత్రం పనికొచ్చింది.

ఫెయిలైన స్టెంట్‌ని తీసేస్తారా?

తీయలేరు, గోడలో కలిసిపోయి ఉంటుంది. ముందు లోపల చూసి కారణం వెతుకుతారు. సరిగా విచ్చుకోలేదంటే గట్టి బెలూన్‌తో ఇంకాస్త తెరుస్తారు, కణాలు పెరిగాయంటే మందు పూసిన బెలూన్‌తో గోడకి మందు పట్టించి వచ్చేస్తారు, లేదా లోపల ఇంకో స్టెంట్ వేస్తారు. మూడో పొర దాకా వెళ్తే దారి మరీ ఇరుకైపోతుంది కాబట్టి అప్పుడు బైపాస్ మాట వస్తుంది.

డిశ్చార్జ్ అప్పుడు ఒక చిన్న కార్డు ఇచ్చారు. దాచాలా?

దాచండి, ఫోటో తీసి ఫోన్‌లో కూడా పెట్టుకోండి. ఏ నాళంలో, ఏ స్టెంట్, వ్యాసం ఎంత, పొడవు ఎంత, లాట్ నంబరు ఏంటి అన్నీ అందులో ఉంటాయి. మా మేనమామని రెండోసారి తీసుకెళ్లినప్పుడు ఆ తెల్లవారుజామున డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న అదే. కార్డు ఇంట్లో బీరువాలో, బీరువా తాళం అత్తయ్య కొంగున, అత్తయ్యేమో ఇంకా ఆటోలో.